బొజ్జయ్య గారి పరీక్ష

పరీక్ష పెట్టడానికి వస్తున్న ఆయనకు మిర్చిబజ్జీలు తెప్పించాలా, ఉప్మా చేయించాలా అన్నదాని మీద జూలూరుపాడు ట్రైనింగు హాల్లో గంటసేపు చర్చ జరిగింది.

ట్రైనింగేమో పసిపిల్లల మనసు గురించి. అంగన్‌వాడీ వాళ్లు, నర్సులు, స్వచ్ఛంద సంస్థల వాళ్లు కలిపి ఇరవై మంది. మూడు రోజులు కూర్చుని నోట్సులు నింపారు, రాతపరీక్ష రాశారు. నాలుగో రోజు ప్రాక్టికల్.

“మార్కులు నా చేతిలో లేవు” అని ట్రైనింగిచ్చే ఉషారాణి మేడం ముందురోజే చెప్పేసింది. “బొజ్జయ్య గారు వస్తారు. ఆయన దగ్గర సిఫారసులు నడవవు.”

ఇంకేముంది, హాలంతా గుసగుసలు. ఏ డిపార్ట్‌మెంటు? ఏ హోదా? దమ్మపేట అవతల అడవి ఊరి నుంచి వస్తారని, తెలుగు రాదని తప్ప మేడం ఇంకేమీ చెప్పలేదు. బజ్జీల సంగతి తేల్చుకుందామని వాళ్లలో జయరాజ్ అనే అతను వెళ్లి అడిగితే, ఆయన బయటివి ఏవీ ముట్టరని, మంచినీళ్లు కూడా తాగరని చెప్పింది. అబ్బో, నిష్ఠాపరుడే అనుకుని, బజ్జీలు తెప్పించుకుని వీళ్లే తినేశారు.

అందరికంటే ఎక్కువ భయపడింది సంపూర్ణ. పద్నాలుగేళ్లుగా అంగన్‌వాడీలో ఆయా. పిల్లల ముక్కులు తుడుస్తూ, వంట చేస్తూ, గది ఊడుస్తూనే, పోయినేడు కూతురితో కలిసి పదో తరగతి రాసి పాసైంది. ఊళ్లో టీచరు పోస్టు ఖాళీగా ఉంది. ఈ సర్టిఫికెట్ ఉంటే పేరు పైకి పంపిస్తామన్నారు. వచ్చే నెలతో వయసు దాటిపోతుంది. ఇది తప్పితే ఇక దిగిపోయేదాకా చీపురే. రాతపరీక్షలో చూస్తే ఆమెకు వచ్చినవి అత్తెసరు మార్కులు.

బొజ్జయ్య గారు పదిన్నరకు రావాల్సింది, పదకొండున్నరకు ఆటో దిగారు. దారంతా కునుకేనట. వెంట ఇద్దరు ఆడవాళ్లు, ఒక సంచీ. తల మీద లెక్కపెట్టేన్ని వెంట్రుకలు. పొట్ట పేరుకు తగ్గట్టే ఉంది. ఎవరి నమస్కారానికీ ప్రతినమస్కారం లేదు. ముందు వరసలో వేసిన కుర్చీ వైపు చూడనైనా చూడలేదు. తనకు అలవాటైన చోటే వెనక్కి ఆనుకుని కూర్చున్నారు.

ఆయన్ని చూడగానే జయరాజ్‌కు సగం భయం పోయింది. “గీయనకా మనం గింత భయపడ్డది” అని పక్కనున్న ఫ్లోరెన్సు చెవిలో అన్నాడు.

మనిషికి మూడు నిమిషాలు. ఆయనతో పరిచయం చేసుకుంటే చాలంది మేడం.

ముందు జయరాజ్ వెళ్లాడు. ఏదో సంస్థలో కోఆర్డినేటర్. మైకు దొరికితే వదలడని పేరు. ముఖం బొజ్జయ్య గారి వైపు, చూపు మేడం వైపు పెట్టి, తన పన్నెండేళ్ల సర్వీసు ఏకరువు పెట్టాడు. మధ్యలో తనకొచ్చిన నాలుగు కోయ మాటలూ వాడేశాడు. బొజ్జయ్య గారు ఆవలించారు. తర్వాత చేతికందిన ఫైల్లోంచి మొదటి కాగితం లాగి, నలిపి, కింద పడేశారు.

ఫ్లోరెన్సు దవాఖానాలో నర్సు. ఆమె పద్ధతి వేరు. ముఖంలో ముఖం పెట్టి ఊపిరి తీసుకోకుండా కబుర్లు చెప్పింది. ఆయన ముఖం అటు తిప్పుకున్నారు. ఈమె అటు వెళ్లింది. ఇటు తిప్పుకున్నారు. ఇటు వచ్చింది. చివరికి ఆయన ముఖం కందగడ్డయింది. గొంతెత్తేసరికి హాలు దద్దరిల్లింది. వెంట వచ్చిన ఆడవాళ్లు సంచీ అందుకుని ఆయన్ని గబగబా పక్కగదిలోకి తీసుకెళ్లారు. పావుగంటకు తేటపడిన ముఖంతో తిరిగొచ్చారు.

ఆ తర్వాత వెళ్లిన వాళ్లందరికీ ఇంచుమించు ఇదే మర్యాద.

ఆఖరున సంపూర్ణ. కూతురు రాసిచ్చి బట్టీ పట్టించిన వాక్యాలన్నీ ఎగిరిపోయాయి. మేడం మొదటిరోజు చెప్పిన ఒక్క మాటే మిగిలింది. ముందు చూడండి, తర్వాత మాట్లాడండి.

కొంచెం ఎడంగా, కింద కూర్చుంది. చూసింది. ఆయనా చూశారు. నిమిషం గడిచింది. జయరాజ్ గడియారం చూసుకుని నవ్వాడు. నోరు విప్పకపోతే పోస్టు పోయినట్టేనని ఆమెకు తెలుసు. అయినా ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు, ఆ చూపు చెడగొట్టబుద్ధి కాలేదు.

“ఊ” అన్నారు బొజ్జయ్య గారు.

“ఊ” అంది సంపూర్ణ.

ఆయన కాసేపు కిటికీ వైపు చూశారు. ఆమె వెంటపడలేదు, ఆగింది. తనంతట తనే ఇటు తిరిగి, ఈసారి పెద్ద ఉపన్యాసమే ఇచ్చారు. ఒక్క ముక్క కూడా ఎవరికీ అర్థం కాలేదు. సంపూర్ణ మాత్రం “అవ్, మల్ల?” అంటూ శ్రద్ధగా వింది. ఆయన ఉన్నట్టుండి బోసినోరు తెరిచి నవ్వారు. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు. సంపూర్ణకు కళ్లనీళ్లు తిరిగాయి.

మేడం ఆమె పేరు పక్కన ఫస్ట్ అని రాసింది. జయరాజ్ ఊరుకుంటాడా?

“నాది పన్నెండేండ్ల సర్వీసు మేడం. ఈమె ఊ అనుడు తప్ప ఏం జెయ్యలే. గీయన ఏం చూసి పాస్ చేసిండు?”

“నువ్వు నన్ను చూశావు జయరాజ్. ఆమె ఆయన్ని చూసింది.”

జయరాజ్‌కు ఉక్రోషం ఆగలేదు. “అయితే సర్టిఫికెట్ మీద ఆయన్నే సంతకం పెట్టమనుండ్రి.”

ఆయనకు సంతకం రాదని, ముద్ర వేస్తారని చెప్పి మేడం ఇంకుప్యాడ్ తెరిచింది.

బొజ్జయ్య గారి తల్లి కొడుకును ఒళ్లో కొంచెం పైకి జరుపుకుని, ఐదు నెలల ఆ కుడిపాదాన్ని ఇంకులో అద్ది, సంపూర్ణ పేరు కింద మెల్లగా ఆనించింది.