పొట్లం కట్టని అన్నం

"పొట్లాలు కట్టేది లేదు తాతా. తింటే ఇక్కడే కూర్చోని తినాల."

అముద తమిళంలో కాస్త గట్టిగానే చెప్పింది.

తమిళనాడు కోవిల్‌పట్టిలో చర్చివాళ్లు పంట పండగనాడు ఊరందరికీ భోజనం పెడతారు. దాన్ని అసనం అంటారు. ఏ మతంవాళ్లయినా వచ్చి ఆకు ముందు కూర్చోవచ్చు. కిందటేడు పొట్లాలు కట్టుకుపోయేవాళ్లు ఎక్కువై, చివరి వరసకు అన్నం చాల్లేదు. అందుకే ఈసారి వడ్డన పెత్తనం అముదకు అప్పగించారు. ఆమె దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు.

ముసలాయన ఆకు ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నుదుట నామం, మెడలో తులసిమాల.

"నేను తిననమ్మా. నా ఆకులో పెట్టేదే కట్టియ్యి. ఇంట్లో ఒకామె మంచంలో ఉంది. అసనం అన్నం ఒక్క ముద్ద కావాలని అడిగింది" అన్నాడు, ఆయనా తమిళంలోనే.

అముద పక్కనున్న వదిన పూంగొడి వైపు తిరిగింది. వాళ్లది ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఎదుటి మనిషి గురించి ఎదురుగానే అనుకోవాలంటే ఆ ఇంటి తెలుగు ఎంతో వీలు.

"చూస్తివా వదినా! నామం పెట్టుకోని మన అసనానికి వచ్చినాడు. ఇంట్లో ఎవరో ఒకామంట, మంచమంట. ఇట్లాటి కతలు ఎన్ని వినలేదు మనం!"

పూంగొడి కిసుక్కున నవ్వింది.

ముసలాయన ఆకు మెల్లగా మడిచి లేచాడు.

"కత కాదులే తల్లీ. వస్తా. మీరు బాగుండండి" అన్నాడు, అచ్చం వాళ్లింటి తెలుగులో.

అముదకు తల కొట్టేసినట్టయింది. వెనక్కి పిలుద్దామనుకుంది. అంతలో "అక్కా, ఇక్కడ అన్నం!" అని ఎవరో కేకేశారు. బకెట్ పట్టుకుని అటు వెళ్లి, మళ్లీ చూసేసరికి ఆయన లేడు.

ఆ సాయంత్రం రెండు గుండిగల అన్నం మిగిలిపోయింది. తెల్లారేసరికి పాచిపోతే ఆవులకు పోశారు.

రెండు రోజులకు పాస్టరు సెల్వరాజ్ కబురు తెచ్చారు. వెళ్ళైయమ్మాళ్ చనిపోయింది.

బైబిలు సంచి భుజాన వేసుకుని పల్లెపల్లెకూ నడిచిన మనిషి ఆమె. అముదకు మొదటి ప్రార్థన నేర్పింది ఆమే. ఇంటింటా పిడికెడు బియ్యం అడిగి ఈ అసనం మొదలుపెట్టిందీ ఆమే. ముసలితనంలో విరుదునగర్‌లో ఏదో అద్దెగదిలో ఉంటోందని విన్నారు. ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకున్నారు చర్చివాళ్లంతా. అముదా అదే అనుకుంది.

చావుకు బయల్దేరిన చర్చివాళ్ల వ్యాను విరుదునగర్ పోలేదు. నాగలాపురంలో ఒక పెంకుటింటి ముందు ఆగింది.

వాకిట్లో, వచ్చినవాళ్లకు దారిచ్చి పక్కకు ఒదిగి నిలబడ్డాడు నామం పెట్టుకున్న ముసలాయన. కళ్లు వాచి ఉన్నాయి.

అముద ఆయన్ని గుర్తుపట్టింది. చెడ్డ సిగ్గేసింది.

"అయ్యా, ఆయనెవరు?"

పాస్టరు తల దించుకున్నారు.

"అప్పాసామి అని, ఇక్కడి రైతు. నాకూ పొద్దునే తెలిసింది. విరుదునగర్ గదిలో ఒంటరిగా జ్వరంతో పడి ఉన్న వెళ్ళైయమ్మాళ్‌ని ఇంటికి తెచ్చుకుని, ఇన్నేళ్లూ అన్నం తినిపించి, చూపు పోయిన ఆమెకు రోజూ బైబిలు చదివి వినిపించింది ఆయనేనమ్మా."