రాని జ్వరం

"ఒక్కసారి కూడా జ్వరం రాలేదా?" డాక్టర్ ఆనంది మళ్ళీ అడిగింది.

"రాలేదు మేడం" అంది చారులత. మొదట్లో ఈ మాట ఎంత గర్వంగా చెప్పేదో! ఇవాళ తల దించుకుని చెప్పింది.

అత్త లక్ష్మమ్మాళ్ ఊపిరితిత్తిలో ఉన్నది కేన్సర్ గడ్డ. మేట్టుపాళయం నుంచి కోయంబత్తూరు తీసుకొచ్చి సూదులు వేయిస్తున్నారు. ఆ మందు గడ్డను నేరుగా చంపదు. ఒంట్లోని రక్షణ కణాలను దాని మీదికి ఉసిగొల్పుతుంది.

"అక్కడ మంట రేగాలమ్మా" అని ఆనంది మొదటిరోజే చెప్పింది. "మంట రేగిన చోట ఒళ్ళు కొత్తగా లింఫు కణజాలం కట్టుకుంటుంది. మెడలో, చంకలో ఉండే బిళ్ళల్లాంటివి గడ్డ లోపలే పుడతాయి. అవి పుడితే సగం గెలిచినట్టే. జ్వరమొస్తే కంగారుపడకుండా నాకు ఫోన్ చెయ్యండి."

ఫోన్ చెయ్యాల్సిన పనే పడలేదు. అత్తకు ఆకలి పెరిగింది. బుగ్గలు పూడాయి. చూడవచ్చిన చుట్టాలు దిష్టి తియ్యమన్నారు.

ఇప్పుడు గడ్డలోంచి తీసిన ముక్క పరీక్ష వచ్చింది.

"లోపల మంటే లేదు. కొత్త కణజాలం ఆనవాలు కూడా లేదు" అంది ఆనంది. "మంటను, వాపును అణిచే మందులేమైనా వాడుతున్నారా?"

"లేదు మేడం. ప్రతి మాత్రా నా చేత్తోనే ఇస్తాను."

"గడ్డ పెరిగింది. ఇంతకంటే మంచి మందు నా దగ్గర లేదమ్మా."

చారులత బయటికొచ్చింది. వరండా బెంచీ మీద మామ కృష్ణరాజ్ కూర్చుని ఉన్నాడు. భార్యకు తుమ్మొచ్చినా వక్కతోట వదిలి పరుగెత్తుకొచ్చే మనిషి. కేన్సర్ అన్న మాట ఆయన చెవిన పడకూడదని ఇంటిల్లిపాదీ ఒట్టు పెట్టుకున్నారు. ఊపిరితిత్తిలో కాస్త వాపు, సూదులకు జ్వరం రావచ్చు, అని మాత్రం చెప్పారు. మిగతా బరువంతా చారులతే మోస్తోంది.

మామను చూడగానే ఆమెకు ఏడుపు ఆగలేదు.

"ఏమాయె మా? డాక్టరమ్మ ఏమనె?"

నిజం చెప్పలేక, నోటికొచ్చిన జ్వరం మాటే చెప్పింది. "అత్తకు కాచ్చల్ ఎందుకు రాలేదని అడుగుతాది మామా."

కృష్ణరాజ్ ముఖం వెలిగిపోయింది. పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు. గొంతు తగ్గించి అన్నాడు:

"కాచ్చల్ వచ్చేదానికి నేను విడిస్తినా మా, మొదటి సూది ఏసిన దినమే మెడికల్‌లో నా మోకాలికిచ్చే వాపు మాత్రలే వాంగి, దినమూ నూరి మీ అత్త మజ్జిగలో కలిపి ఇస్తా ఉండాను కదా!"