గెలిచినోని రుమాలు

దశరథం వంగి మెహమూద్ నడుము దొరకబుచ్చుకున్నాడు. ఒక్క ఊపున పైకెత్తి, బరిలో పరిచిన పరుపుల మీద వెల్లకిలా పడేశాడు. మెహమూద్ భుజాలు రెండూ పరుపుకు ఆనాయి. కుస్తీలో అదే చిత్, అదే గెలుపు. హాలియా మార్కెట్ యార్డు రేకుల షెడ్డు ఈలలతో దద్దరిల్లిపోయింది.

బరి మూలన నిలబడ్డ లింగయ్యకు ఒళ్లు తెలియలేదు. దశరథానికి ఆయన తండ్రే కాదు, కుస్తీ నేర్పిన ఉస్తాద్ కూడా. “చిత్! చిత్ జేసిండు నా కొడుకు!” అని గంతేసి, తలకు చుట్టుకున్న ఎర్ర రుమాలు ఊడబెరికి కొడుకు మీదికి విసిరాడు. గెలిచినవాడి మీద ఉస్తాద్ తన రుమాలు వేయడం తిరుమలగిరి కుస్తీ తాలీంలో రివాజు. తన ఉస్తాద్ తన మీద వేసినప్పుడు కలిగిన సంతోషం లింగయ్య ఇప్పటికీ మరిచిపోలేదు.

విజిల్ మోగింది. పోటీ పెట్టిన హైదరాబాదు రఘుపతి సారు గబగబా వచ్చి ఇద్దర్నీ విడదీశాడు. తర్వాత మెహమూద్ చెయ్యి పట్టి పైకెత్తాడు.

“అదేంది సారూ! గెలిచింది మావోడు గద!” అని అరిచాడు లింగయ్య.

“ఇది కుస్తీ గాదు పెద్దాయనా. కుస్తీ, కరాటే, బాక్సింగు అన్నీ కలిసిన ఆట. ఎల్లెలకల పడ్డా ఆట ఆగది. మూలన నిలవడ్డోడు గుడ్డ ఇసిరిండంటే మాత్రం ఆగుతది. మావోడు ఓడిండు, ఇడిసిపెట్టుండ్రి అని దానర్థం. పొద్దుగాల మైకుల చెప్పిన గద.”

చెప్పాడు. లింగయ్య విన్నాడు కూడా. కానీ కొడుకు ఎదుటివాణ్ణి ఎత్తి కుదేస్తుంటే మైకులో విన్న ముక్కలు గుర్తుండే తండ్రి ఎవడు?

పోయింది మామూలు పందెమా! ఇక్కడ గెలిచినవాడికి బొంబాయిలో శిక్షణ ఇప్పిస్తారు. “రెండువేల సంవత్సరం దాటనియ్యుండ్రి, దేశదేశాల ఒకటే బరి, ఒకటే రూల్సు ఐతయి. మన పిల్లలు జపాన్ల ఆడ్తరు, అమెరికాల ఆడ్తరు” అని రఘుపతి చెప్పిన నాటి నుంచి దశరథానికి అన్నం మీద ధ్యాస లేదు, నిద్ర మీద ధ్యాస లేదు. అంత ఆశనూ కన్నతండ్రే ఒక్క విసురుతో బుగ్గిపాలు చేశాడు.

రఘుపతి భుజం పట్టుకుని దశరథాన్ని మెట్లు దింపాడు. లింగయ్య ఎదురెళ్లి “బిడ్డా...” అన్నాడు. దశరథం ఆగలేదు, తండ్రి ముఖం వైపు తిరిగి చూడలేదు. పక్కనుంచే, గోడ వెంట చెయ్యి రాసుకుంటూ, వెనక గోదాములోకి వెళ్లిపోయాడు. లింగయ్య గుండె కలుక్కుమంది. నలుగురిలో రెండు తిట్లు తిట్టినా బాగుండేదనుకున్నాడు.

జీవితంలో ఏ పహిల్వానుకూ తలవంచని మనిషి రఘుపతి కాళ్ల మీద పడ్డాడు.

“తప్పు నాది సారూ, పోరగానిది గాదు. ఎడ్డోన్ని, ఖుషీల ఏసిన. నా మొకం జూడకు, వాని మొకం జూసి ఇంకొక్కపారి ఆడనియ్యి.”

“లే పెద్దాయనా, లే. రూలు రూలే. నేనేం జేస్త?”

అప్పుడు మెహమూద్ ముందుకొచ్చాడు. మహబూబ్‌నగర్‌లో పిల్లలకు కరాటే నేర్పే మాస్టారు. “సార్, నా తన్ను కణతకు తాకినంక గూడ గా మనిషి ఎనక్కి పోలే. వచ్చి నన్ను అతుక్కున్నడు, ఎంత గుంజినా ఇడువలే. గసొంటోని మీద గిట్ల గెలిస్తే నాకు అన్నం సయిస్తదా? మళ్ల ఆడ్త.”

రఘుపతి లింగయ్యను లేవనెత్తాడు. “సరే. మీవోడు సై అంటే జరసేపాగి మళ్ల పెడ్త. పో, అడుగు.”

లింగయ్య పోవడం కాదు, ఉరికాడు. మోకాళ్ల నొప్పులు ఎటు పోయాయో ఏమో! కొడుకు ఒక్క మాట అంటే చాలు, పోయిందంతా తిరిగి వస్తుంది.

గోదాములో బియ్యం బస్తాల మీద దశరథం గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

“బిడ్డా! మళ్ల ఆడనిస్తరట! మెహమూదే ఒప్పుకున్నడు, బంగారమసొంటి మనిషి. లే, నీళ్లు తాగు.”

దశరథం కదల్లేదు. “బాపూ, నీ కాల్మొక్త,” అన్నాడు మెల్లగా. “గా రుమాలు ఏసినందుకు.”

ఆ మాట లింగయ్యకు కొరడాతో కొట్టినట్టు తగిలింది. కొడుకు పక్కన కూలబడిపోయాడు. “ఎత్తిపొడువకు బిడ్డా, తట్టుకోలేను. కావాల్నంటే చెప్పు తీస్కొని కొట్టు. నీ బతుకు నాశనం జేసిన.”

“ఎత్తిపొడుసుడు గాదు బాపూ. నేనైతే ఆపుమనకపోదును. ఆపుమంటే నీ పరువు పోతదని, దొరికిన నడుము ఇడువకుండ పట్టుకున్న. ఇంకో తన్ను పడుంటే సచ్చిపోదును.”

లింగయ్యకు ఏమీ అర్థం కాలేదు. “ఏమంటున్నవ్ రా?”

“కణతకు తన్ను తాకినకాంచి నాకు కండ్లు కనవడ్తలేవని, గంతమందిల నువ్వొక్కనివే పసిగట్టినవ్ బాపూ,” అంటూ దశరథం తండ్రి చెయ్యి కోసం ఖాళీ గాలిలో తడుముకున్నాడు.