పాచమామ తల్లి వాటా

దొంగలు మీరే. "పాతది చెరిపెయ్, చోటు మిగులుతుంది" అనే యజమానుల్నీ, దానికి తలూపే నాలాంటి సర్వర్ ఉద్యోగులైన మిమ్మల్నీ కలిపే అంటున్నాను.

బొలీవియా గనుల ఊరు ఒరూరోలో మా ఎక్స్‌రే ల్యాబు సర్వర్ చూసేది నేను. బ్యాకప్ డిస్కు నిండిపోయిందని, గని కార్మికుల ఐదేళ్లు దాటిన ఎక్స్‌రేలన్నీ తీసెయ్యమన్నాడు యజమాని దోన్ ఫెర్మీన్. గని దుమ్ము ఊపిరితిత్తిని తినడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. పాత ఎక్స్‌రే లేకపోతే జబ్బు గనిలోనే వచ్చిందని రుజువు లేదు, పింఛనూ లేదు. అందుకే చెరిపే ముందు అన్నిటినీ మరో డిస్కులోకి ఎక్కించి, సర్వర్ వెనక దాచాను.

కార్నివాల్ పండగ మంగళవారం, యంత్రాలకు భూతల్లి పాచమామ దీవెన కోరే ఆనవాయితీ ప్రకారం ఆయన సర్వర్‌కు రంగు కాగితాలు చుట్టి, సారా చిలకరించడానికి వచ్చాడు. ఆయన చెయ్యి సర్వర్ వెనక్కి పోయి డిస్కు డబ్బాకు తగిలింది. దొరికితే నా ఉద్యోగంతోపాటు ఎనిమిది వందల మంది రుజువూ పోతుంది.

"ఏమ్మా నిల్దా, ఈ డబ్బా ఏంటి?"

"అది పాచమామ తల్లి వాటా, దోన్ ఫెర్మీన్. కదిపితే ఏడాదంతా యంత్రాలు పడుకుంటాయి."

"యూనియన్ జెండాకి తప్ప దండం పెట్టనిదానివి, భక్తురాలివెప్పుడయ్యావమ్మా?" అని నవ్వబోయి దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. డబ్బాను మాత్రం కదపలేదు. దాని మీదా మూడు చుక్కలు చల్లి వెళ్లాడు.

నా భయం మాత్రం వెళ్లలేదు. అందుకే అడుగుతున్నాను:

మనిషి బతికున్నంతకాలం ఆ మనిషి ఎక్స్‌రే చెరపకూడదు.

చెరపాల్సివస్తే ముందు కాపీ ఆ మనిషి చేతికివ్వాలి.

పెద్ద డిస్కు కొనాలి.

దోన్ ఫెర్మీన్, ఆ డబ్బాలో మొదటి ఎక్స్‌రే మీరు గనిలో దిగిన రోజులది. అప్పటికే కుడివైపు మచ్చ ఉంది. రేపే డాక్టరుకు చూపించుకోండి.