కిటికీ సందు

“తలుపు బిగిచ్చుకొని, గ్యాసునూనె పొయ్యి ముట్టిచ్చుకొని పండుకుంటవు. పొద్దుగాల లేవకపోతే ఎవలు చూస్తరు బిడ్డా?”

గడపలో అడుగు పెట్టకముందే అడిగింది రాములవ్వ. చంకలో కరెంటు హీటర్ డబ్బా. ఎడారి దేశపు పట్నంలో, అల్ మన్సూరాలో ఆమె వంట చేసే ఇంట్లో శుక్రవారం సెలవు. హారిస్ నడిపే కూరగాయల బండెక్కి, దుఖాన్ దారిలోని ఈ తోట దాకా వచ్చేసరికి నడుము పట్టేసింది.

తోట పనికి కొత్తగా వచ్చిన కుర్రాడు మంచం మీంచి లేచాడు. “రా అవ్వా, కూసో. చాయ్ తాగుతవా?”

రేకుల గది మధ్యలో మసిబారిన కిరోసిన్ పొయ్యి.  నిరుడు చలికాలమంతా ఫోన్లో దీని గురించే మొత్తుకుంది. ‘ఊఁ’ అన్న మాటే తప్ప పొయ్యి కదల్లేదు. అప్పుడైతే తోటకు కరెంటు లేదు. ఈ ఏడు లైను వచ్చింది.

“ఇగ దీన్ని బయట పెట్టు. దీని పొగ కండ్లకు కనవడదు. నిద్రలనే పానం గుంజుతది.”

“కరెంటు కాలిస్తే తోట సేటు, కఫీల్ ఒర్లుతడు అవ్వా.”

“మా మేడంతోని చెప్పిచ్చిన. ఒర్లడు.”

“మరి నీ హీటర్ల చాయ్ మసులుతదా?” నవ్వాడు.

“నవ్వకు. చాయ్ బయట కాసుకో.”

ప్లగ్గు పెట్టింది. హీటర్ తీగలు ఎర్రబడ్డాయి. దాన్ని చూసినా భయమే. దుప్పటి దూరంగా జరిపింది. వైరు వేడెక్కిందేమోనని తాకి చూసింది. తర్వాత నేరుగా కిటికీ దగ్గరికి పోయి, సందులో కుక్కిన గుడ్డను లాగేసింది. చలిగాలి సర్రున లోపలికొచ్చింది.

తన పాత ఆకుపచ్చ చీర ముక్క. పారేయలేదు. దుమ్ము దులిపి, మడతలు పెట్టి, తన సంచిలో దాచుకుంది.

అతని నవ్వు ఆగిపోయింది.

“పొయ్యి ఇగ లోపల ముట్టియ్యనని ఒట్టెయ్యి బిడ్డా.”

అతను ఆ సంచి వైపే చూస్తూ ఉండిపోయాడు. బయట హారిస్ హారన్ కొట్టాడు. “యల్లా” అని బయల్దేరమంటూ కేకేశాడు. ఆమె కదల్లేదు. 

అతను వంగి పొయ్యిని ఎత్తాడు. గడప అవతల పెట్టి వచ్చి, ఆమె ముందు నిలబడ్డాడు.

“లోపల ముట్టియ్యను అవ్వా, నిరుడు ఈ మంచం మీద పండుకొని లేవని నీ కొడుకు అంజి మీద ఒట్టు.”