కాఫీ ఆపిన ఐదు రోజులు

పెద్ద వయసులో అక్షరాలు దిద్దినదాన్ని. రాయడం నెమ్మది, తప్పులూ దొర్లుతాయి. మన్నించి చదవండి.

"రేపట్నుంచి కెఫీన్ ఆపేస్తున్నామండి," అంది డాక్టరమ్మ.

సత్యవతి ఆయన వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఆయన ఊపిరి ఆ మందు మీదే నిలిచింది. కాఫీలో ఉండేదేనట. కాస్త గాఢంగా నిద్రపడితే చాలు, ఆయన ఊపిరి తీసుకోవడం మర్చిపోతారు. పెదాలు నీలం తిరుగుతాయి. ఆ మందు మెదడును తట్టి లేపుతూ ఉంటుంది. ఒకరోజు మోతాదు కాస్త ఎక్కువై, గుండె దడదడలాడి, నిద్ర పట్టక అటూ ఇటూ కొట్టుకున్నారు కూడా.

"ఐదు రోజులు ఊపిరి ఆగకుండా ఉంటే ఇంటికి పంపేస్తాం. ఒక్కసారి ఆగినా మళ్ళీ మందు, మళ్ళీ మొదటి నుంచి లెక్క."

సత్యవతి అప్పటికప్పుడే మొక్కుకుంది. ఆయన గండం గట్టెక్కేదాకా తనూ కాఫీ ముట్టదు. గణపవరంలో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే గ్లాసుడు కాఫీ పడందే ఎవరితోనూ మాట్లాడని మనిషి.

రెండో రోజుకి తల పగిలిపోయింది. మూడో రోజుకి ఒళ్ళంతా సీసం పోసినట్టు బరువు. ఎవరేం చెప్పినా రెండోసారి అడగాల్సి వస్తోంది.

"పిన్నిగారూ, ఒక్క గుక్క తాగండి," అన్నాడు ఆసుపత్రి క్యాంటీన్ ఏడుకొండలు. "మీ వాలకం చూస్తే మీరూ మంచం ఎక్కేలా ఉన్నారు."

"ఆయనకి లేనిది నాకెందుకు నాయనా. మజ్జిగుంటే ఇవ్వు."

"బాగుందండీ. వైద్యం లోపల, పథ్యం బయట."

లోపల నర్సు పెర్సిస్ వైర్లు సర్దుతోంది. "కబుర్లు చెబుతూ ఉండండి. పేరు పెట్టి పిలవండి. మీ గొంతు వింటే కదులుతారు."

"ఆ పేరు నా నోట రాదమ్మా. పెళ్ళయిన నాటి నుంచీ ఎప్పుడూ అనలేదు."

పెర్సిస్ నవ్వింది. "అయితే నేనే పిలుస్తాలెండి. భీమశంకరంగారూ, ఎవరొచ్చారో చూడండి."

ఐదో రోజు. సాయంత్రం నాలుగింటికి గడువు తీరుతుంది. కోడలు గాయత్రి పాలు పట్టి భోజనానికి వెళ్ళింది. కడుపు నిండి ఆయన నిద్రలోకి జారుకున్నారు.

సత్యవతి స్టూలు మీద కూర్చుని ఆయన రొమ్ము వైపే చూస్తోంది. లేస్తోంది, దిగుతోంది. మూడుంబావు. మూడున్నర. రెప్పలు వాలిపోతున్నాయి. చెయ్యి గిల్లుకుంది. లేచి మొహం కడుక్కొచ్చింది. మళ్ళీ కూర్చుంది. కాఫీ లేని ఒళ్ళు మాట వినలేదు.

మిషన్ మోతకి ఉలిక్కిపడి లేచింది. తెర మీద అంకెలు లేవు. ఒట్టి గీత.

ఎంతసేపు నిద్రపోయిందో తెలియదు. ఆయన కదలడం లేదు.

"ఏవండీ," అంది. వేలితో అరికాలు మీద తట్టింది. "లేవండి. ఊపిరి తీసుకోండి. మీకు దణ్ణం పెడతాను, తీసుకోండి."

పెర్సిస్ పరుగున వచ్చింది. రొమ్ము మీద చెయ్యి ఆనించి ఆగింది. సత్యవతికి ఆ కాసేపూ తన ఊపిరే ఆడలేదు.

పెర్సిస్ వంగి, పాదం దగ్గర వేలాడుతున్న వైరు ఎత్తి చూపించింది.

"ఊపిరి ఆగలేదండి. కాలితో తన్ని దీన్ని ఊడగొట్టుకున్నారు. పైగా హాయిగా నిద్ర."

సత్యవతి గోడకి జారగిలబడింది. నాలుగైంది. డాక్టరమ్మ వచ్చి గుండె విని, కాగితం మీద సంతకం పెట్టింది.

"ఇక తీసుకెళ్ళండి. ఇంటికెళ్ళగానే ముందు మీరు కాఫీ తాగండి," అంది పెర్సిస్.

నెలలు నిండకముందే పుట్టి, పోయిన తాతగారి పేరు పెట్టించుకున్న ఆ రెండు కిలోల మనవణ్ణి మెత్తటి గుడ్డలో చుట్టి సత్యవతి చేతుల్లో పెట్టింది.

చంద్రకళ, 64 ఏళ్ళు
ప్రస్తుతం ఉంటున్నది ముదినేపల్లి