వలస పోయిన పసివాడు

"పచ్చ గుర్తు వచ్చిందమ్మా. మీ కోడలికి ప్రమాదమేమీ లేదు. బండి ఎర్ర గుర్తు వచ్చినవాళ్లకే," అన్నాడు చంద్రమోహన్, ఊరి ఆరోగ్య కేంద్రంలో ల్యాప్‌టాప్ మూత సగం దించుతూ.

బయమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు. ఎనిమిది నెలలు నిండిన కోడలు ప్రసూన నడుం పట్టుకుని పక్కన బెంచీ మీద కూర్చుంది.

"ప్రమాదం లేదని నీకెవరు చెప్పినారప్పా?"

"కంప్యూటర్ చెప్పింది."

చంద్రమోహన్ సారంటే మాటలా? హైదరాబాదు నుంచి తనిఖీకి వచ్చిన గణాంకాల పండితుడు. పసిబిడ్డలు ఎందుకు చనిపోతారో, ఏ బిడ్డ ఎన్నాళ్లు బతుకుతుందో ముప్పై ఏడు కారణాలు కలిపి లెక్కగట్టే సూత్రం ఆయనది. తల్లి వయసు, ఎత్తు, రక్తం, ఇంటికి కుళాయి ఎంత దూరం, అన్నీ అందులో ఉన్నాయి. ఎర్ర గుర్తు వస్తే గర్భిణిని కాన్పుకు ముందే బండి ఎక్కించి అనంతపురం పెద్దాసుపత్రిలో చేరుస్తారు. పచ్చ వస్తే ఇంట్లో కూర్చుని నొప్పుల కోసం ఎదురుచూడాలి. బెళుగుప్ప మండలంలాంటి కరువు నేలలో పిల్లల చావులు ఇంత తక్కువా అని ఢిల్లీ సభలో ఆయనకు శాలువా కూడా కప్పారు. ఏ బిడ్డనూ ఎత్తుకున్న పాపాన పోలేదు గానీ, లెక్కలో మాత్రం దిట్ట.

"పోయినసారి ఆటో దొరికేతలికి ఆలీసమై దోవలోనే కాన్పాయ. బిడ్డ పదకొండో దినం సచ్చిపాయ. అది నీ కంప్యూటర్‌కు తెల్దా?" అంది బయమ్మ.

చంద్రమోహన్ మళ్లీ మూత ఎత్తి చూశాడు. "చనిపోలేదే! మగబిడ్డ. పదకొండో రోజు బెంగుళూరుకు వలస అని ఉంది. వలస పోయినవాళ్లు మాకు కనిపించిన చివరి రోజు దాకా బతికున్నట్టే లెక్క. ఆ తర్వాత సంగతి మాకు అనవసరం."

మూలన మందుల పెట్టె సర్దుతున్న నర్సు వనజాక్షి తల ఇంకాస్త దించుకుంది.

"ఏం వనజాక్షమ్మా, పూడ్సేటప్పుడు నువ్వూ ఆడనే ఉంటివి గదా," అంది బయమ్మ.

వనజాక్షి సారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "సచ్చిపోయినాడని రాస్తే విచారణకొస్తారు సార్. పదహారు కాగితాలు నింపల్ల. మీటింగులో నిలబెట్టి తిడతారు. ఈడ సగం ఊరు బెంగుళూరుకే పోతాంటాది, ఎవరూ అడగరు. అందుకే వలస అని రాసేస్తాము."

"ఇలాంటివి ఎన్ని ఉన్నాయి?"

"మండలం మొత్తం మీద నలభై దాకా ఉంటాయి సార్."

చంద్రమోహన్‌కు చెమట పట్టింది. నలభై చావులు లెక్కలోకొస్తే సూత్రం కూలుతుంది, శాలువా పరువూ పోతుంది. బయమ్మ వైపు తిరిగాడు.

"చూడండమ్మా, ఒక్కరిది మారిస్తే అందరిదీ మార్చాలి. అది కుదరదు. రికార్డు ప్రకారం మీ మనవడు బతికే ఉన్నాడు."

"అట్లనా? సరే." బయమ్మ కొంగు నడుముకు బిగించింది. "వాళ్లమ్మ ఈడే ఉండాది, నాయన ఈడే ఉండాడు. పదకొండు దినాల పిల్లోడు ఒంటిగా బెంగుళూరు పోయినాడంట. ఇప్పుడే స్టేషన్‌కు పోయి, మా బిడ్డ కనపడలేదని కంప్లైంట్ ఇస్తా. ఎవరు పంపించినారని అడిగితే మీ ఇద్దరి పేర్లూ చెప్తా. పోలీసోళ్లే వెతికి తెచ్చిస్తారు. లెయ్ ప్రసూనా, పోదాం పా."

ప్రసూన బెంచీ పట్టుకుని లేచింది కూడా.

"ఆగండి, ఆగండి," అంటూ సారు కీబోర్డు మీద పడ్డాడు. ఐదు నిమిషాలు టకటకలాడించాడు. తెర మీద ఎర్ర గుర్తు వెలిగింది. ఆయన ముఖం తుడుచుకుని, డ్రైవరును పిలవమన్నాడు. బయమ్మ దర్జాగా వక్కాకు నోట్లో వేసుకుని, బట్టల మూట తేవడానికి ఇంటికి నడిచింది.

బండి ఎక్కుతూ ప్రసూన వనజాక్షి చెయ్యి పట్టుకుంది.

"ఎర్ర గుర్తు ఎట్లొచ్చె అక్కా? నా కొడుకు సచ్చిపోయినాడని ఇప్పుడన్నా రాసినారా?"

"లేదమ్మా," అంది వనజాక్షి. "తొలి కాన్పయితే ప్రమాదం ఎక్కువంట. అందుకని సారు, నీకు ఇంతకుముందు బిడ్డే పుట్టలేదని రాసినాడు."